కంబళి గోడకి అవతల పాట

ఫ్రూంజె,
మార్చి 3, 1974

వదినా,

గొర్రెల ఈతలు మొదలయ్యాయా? ఈ ఉత్తరం చేరేసరికి నువ్వు కొట్టంలో గొర్రెల మధ్య గడ్డి తొక్కుకుంటూ ఉంటావని తెలుసు. అయినా నీకు కాక ఎవరికి రాయను? అన్నయ్య ఉత్తరం చదివి జేబులో పెట్టుకుని మరిచిపోతాడు. అమ్మకి చదువు రాదు.

ఇక్కడ పట్నంలో ఒక తమాషా జరిగింది. మా సంగీతం టీచరు వేరా పావ్లొవ్నా క్లాసు మొత్తానికి ఒక పని పెట్టింది. చిన్నతనం గురించీ, తాతా నాయనమ్మల గురించీ తలా ఒక కవిత రాయాలి. దానికి సరిపోయే పాట ఒకటి వెతికి జత కట్టాలి. బాగున్నదాన్ని రేడియోలో వేస్తారట. నేను లేచి, "నాకు తాతా నాయనమ్మలంటూ లేరండీ, అమ్మానాన్నలే" అన్నాను.

"అయ్యో, నువ్వు పుట్టకముందే పోయారా?" అంది.

"కాదండీ, నన్ను పెంచింది వాళ్లే. అందుకని వాళ్లు నాకు అమ్మానాన్న. కన్నవాళ్లని అన్నయ్యా వదినా అంటాను."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. వెనక బెంచీలో తలాస్ నుంచి వచ్చిన పిల్లలు పగలబడి నవ్వారు. "మాలో చాలామంది ఇంతేనండీ, మొదటి బిడ్డ ఎప్పుడూ ముసలాళ్ల వాటా" అని వాళ్లే సర్దిచెప్పారు. పుట్టగానే నన్ను తీసుకెళ్లి అమ్మ ఒళ్లో పెట్టింది నువ్వేనని ఆవిడకి చెబితే ఇంకెంత ఆశ్చర్యపోయేదో!

కవిత రాశాను. మొదటి భాగం ఇది:

శర్షెన్ గుర్రమెక్కితే జీను ముందు గంటని నేను,
శర్షెన్ అలిగితే బుజ్జగించే పెద్దమనిషిని నేను.
అమ్మ ఉన్ని తొక్కి కంబళి చేస్తే దాని మీద దొర్లే పువ్వుని నేను,
అమ్మ పొయ్యి రగిలిస్తే పొగకి ఏడ్చే కళ్లని నేను.
రెండు ముసలితనాల మధ్య ఎండలో ఆరేసిన
ఒక్క పసితనాన్ని నేను.

నాన్న పోయాక ఆయన పేరు పలికేవాళ్లే లేరు. అందుకే కావాలని పేరు పెట్టాను. పాటే దొరకలేదు. పుస్తకంలో ఉన్నవన్నీ పాడి చూశాను, ఒక్కటీ అతకలేదు. నాకు కావలసింది ఒకటే. చిన్నప్పుడు ఉయ్యాలతొట్టిలో ఉండగా అమ్మ పాడేదే, మాటలు లేని పాట, ఆ వరస. మధ్యలో పైకి వెళ్లి ఉన్నట్టుండి ఆగిపోయేది. అమ్మని అడిగి అదేమిటో రాయవా? కవిత కూడా చదివి వినిపించు. ఏప్రిల్ నెలాఖరుకల్లా జత కట్టి ఇవ్వాలి.

నీ బురుల్చా


ఈత కొట్టం, కొచ్కోర్ పైన,
మార్చి 17

బురుల్చాకి వదిన దీవెనలు.

నీ ఉత్తరం అందిన రోజే మంచు పడింది. మంచు పడిన రోజే గొర్రెలన్నీ కూడబలుక్కున్నట్టు ఈనడం మొదలుపెట్టాయి. మీ అన్న సత్కిన్ రెండు చంకల్లో రెండు పిల్లలతో తిరుగుతున్నాడు. నా చేతుల్లో పట్టు లేదు, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

కవిత చదివాను. మొదట నాకు నేనే చదువుకున్నాను. బాగుందని చెప్పడానికి నాకేం తెలుసు గానీ, చదివాక బయటికెళ్లి కాసేపు ఊరికే నిలబడ్డాను. తర్వాత అత్తమ్మకి వినిపించాను. మామయ్య ప్రస్తావన వచ్చిన చోటల్లా "పెద్దాయన" అంటూ ఎంత గౌరవంగా చదవాలో అంత గౌరవంగానూ చదివాను. ఏమైందో తెలియదు పిల్లా, అత్తమ్మ మొహం మాడిపోయింది. టీ తోసేసింది. "పాట ఏమిటో రాయమంటోంది అత్తమ్మా" అంటే, "ఆ పెద్దాయన ఎవరో, వెళ్లి ఆయన్నే అడగమను" అని గోడవైపు తిరిగి పడుకుంది. కాస్త ఆగి మళ్లీ ఇటు తిరిగి, "నేనెప్పుడు పాడాను? నా గొంతు వింటే గొర్రెలు గుట్టెక్కుతాయి. చంటిదానికి పాడతానా?" అంది.

ఆవిడకి కవిత నచ్చలేదేమో. మనసు కష్టపెట్టుకోకు. ఆ పాటెందుకు, పుస్తకాల్లో ఉన్న మంచి పాట ఒకటి పెట్టెయ్యకూడదూ? చిన్నప్పటివి చాలా గుర్తుంటాయనిపిస్తుంది, నిజంగా జరిగినవి కావు. ఎండిన పెరుగుండలు సంచిలో పెట్టి పంపుతున్నాను, నీ గదిలో పిల్లలకీ పెట్టు.

మీ వదిన,
అనీపా


ఫ్రూంజె,
మార్చి 28

వదినా వదినా,

నీ ఉత్తరం చూసి మూడు పూటలు అన్నం సహించలేదు. అమ్మకి నచ్చని కవిత రేడియోలో ఎందుకు, చింపేద్దామనుకున్నాను. నిన్న భోజనాల దగ్గర మా గదిలో ఉండే కొత్త పెళ్లికూతురు వాళ్ల మామగారి సంగతులు చెబుతోంది. పేరు పలకకూడదు కదా, "మా ఇంటాయన", "మా ఇంటాయన" అంటోంది. ఎవరో "నీ మొగుడా?" అని అడిగి అందరూ నవ్వారు. అప్పుడు వెలిగింది నాకు!

నువ్వు కోడలివి. నాన్న పేరు నీ నోట రాదు. ఆయన పోయినా రాదు. "శర్షెన్ గుర్రమెక్కితే" అని నేను రాస్తే "పెద్దాయన గుర్రమెక్కితే" అని చదివావు. ఇక అమ్మ ఏమనుకుంటుంది? పెంచిన తండ్రి పేరు ఎత్తకుండా ఈ పిల్ల ఎవడో పెద్దాయన గుర్రం మీద తిరిగింది అనుకోదూ? వెంటనే అన్నయ్య చేత చదివించు. ఆయనకీ తండ్రి పేరు పలకడం మొహమాటమే అయితే, పక్క కొట్టం వాళ్లని పిలిచైనా చదివించు.

సరే, పాట సంగతి. నిజంగా జరిగినవి కావు అన్నావు. ఎందుకు అలా రాశావు? నాకు ఆ పాట ఎంత బాగా తెలుసంటే, అది ఏ వైపు నుంచి వచ్చేదో కూడా తెలుసు. ఎడమ పక్క నుంచి, మన గుడారం కంబళి గోడ వైపు నుంచి. సాయంత్రం పూట. పాలవాసన కూడా వచ్చేది. అమ్మ పాడకపోతే మరి పాడిందెవరు? అమ్మకి మతిమరుపు వస్తోందా? ఏదో దాస్తున్నావు నువ్వు. నాకు కోపం వస్తోంది వదినా. పాట లేకపోతే ఈ కవితే ఇవ్వను, పేరు కొట్టేయించుకుంటాను. ఒట్టు.

బురుల్చా


ఈత కొట్టం,
ఏప్రిల్ 8

బురుల్చా,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

మొదట నీ కవిత. మీ అన్న చదివాడు. తండ్రి పేరు దగ్గర గొంతు సవరించుకుని, టోపీ తీసి మరీ చదివాడు. అత్తమ్మ విని, "ఏదీ, ఇంకోసారి చదువు" అంది. మళ్లీ చదివాడు. మళ్లీ చదవమంది. నాలుగోసారికి మీ అన్న, ఇలాగైతే కోడలి నోట రాని పేరు కొడుకు నోటా రాకుండా పోతుందేమోనని గొణిగాడు. అత్తమ్మ కళ్లు ఒత్తుకుని నా వైపు తిరిగి, "ఓసి నీ గౌరవం పాడుగాను! గౌరవం గౌరవం అంటూ నా మొగుణ్ణే ఇంట్లోంచి తరిమేశావు కదే!" అంది. నవ్వలేక చచ్చాం.

ఆ తర్వాత నీ ఉత్తరం మొత్తం మీ అన్నే చదివేశాడు. నేను వద్దని సైగ చేస్తూనే ఉన్నాను. ఎడమ పక్క, కంబళి గోడ, సాయంత్రం, పాలవాసన, అన్నీ చదివేశాడు.  ఆ పాట నాది పిల్లా.

అది జోలపాట కూడా కాదు. ఈనిన గొర్రె పిల్లని దగ్గరికి రానివ్వకపోతే, పాలు చేపకపోతే, పక్కన కూర్చుని మేం పాడేది. దానికి మాటలుండవు, పిలుపే. అది కరిగి వాసన చూసి పిల్లని చేర్చుకునేదాకా పాడతాం. నువ్వు పుట్టిన ఏడు అత్తమ్మ రోజూ సాయంత్రం ఒక బూడిదరంగు గొర్రెని తెచ్చి గుడారం బయట, ఎడమ పక్కన కట్టేసేది. "ఇది పిల్లని రానివ్వడం లేదు, పోయి పాడు" అనేది. నేను వెళ్లి చూస్తే ఆ గొర్రె పిల్లకి హాయిగా పాలిస్తూ ఉండేది. ముసలావిడకి చూపు మందగించింది, నా అదృష్టం అనుకునేదాన్ని. కంబళికి అవతల నీ తొట్టి. మామగారి ముందు కోడలు బిడ్డని ఎత్తుకుని ముద్దాడటం ఎక్కడుంది అప్పట్లో? అందుకని గొర్రె వీపు మీద చెయ్యి వేసి, గోడవైపు తిరిగి పాడేదాన్ని. అత్తగారిని ఎంత తెలివిగా మోసం చేశానో అని ఇన్నాళ్లూ అనుకున్నాను.

నేను తల వంచుకుని కూర్చుంటే అత్తమ్మ అంది, "గొర్రెల్లో పుట్టి గొర్రెల్లో ముసలిదాన్నయ్యాను. పాలిచ్చే గొర్రెకీ ఇవ్వని గొర్రెకీ తేడా తెలియదనుకున్నావా?"

నేను తలెత్తి చూశాను.

"వేసవి దాటి, దాని పిల్ల గడ్డి మేస్తున్నా ఆ గొర్రెని తెచ్చి కట్టాను. నీ మామ ఒకరోజు, ఆ గొర్రెని ఎందుకే సతాయిస్తావు అన్నాడు. నోరు మూసుకుని వినండి అన్నాను. ఆయనా విన్నాడు" అంది. తర్వాత, "నా పెద్దదాన్నీ మా అత్తే పెంచింది. నాకు ఎవరూ గొర్రెని కట్టిపెట్టలేదు" అంది.

బురుల్చా, ఇన్నేళ్లూ ఈ మనిషి పక్కన పొయ్యి ఊదాను, ఉన్ని దువ్వాను, తిట్లు తిన్నాను. ఈవిడెవరో నాకిప్పుడు తెలిసింది. పర్వతాన్ని రోజూ చూస్తూ అది గోడ అనుకున్నట్టు ఉంది నా బతుకు. 

పాట ఉత్తరంలో ఎలా పంపను? నాకు స్వరాలు రాయడం రాదు. క్షమించు.

అనీపా


ఫ్రూంజె,
ఏప్రిల్ 13

వదినా,

నీ ఉత్తరం వేరా పావ్లొవ్నాకి రష్యన్‌లో చెప్పాను. చెబుతుంటే నాకే నమ్మకం కలగలేదు. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. తర్వాత కోటు వేసుకుని నన్ను రేడియో ఆఫీసుకి లాక్కెళ్లింది. ఈతల కాలం కదా, కాపరుల మాటలు రికార్డు చేయడానికి వాళ్ల బండి కొచ్కోర్ వైపు వస్తోందట. మీ కొట్టం పేరు రాయించాం.

నువ్వు పాడాలి. నువ్వు పాడకపోతే నా కవిత సగం మనిషిలా ఉండిపోతుంది. ఇంకేం రాయలేకపోతున్నాను. నాన్న కూడా విన్నాడన్న మాట దగ్గరే ఆగిపోయాను.

బురుల్చా


ఈత కొట్టం,
ఏప్రిల్ 26

బురుల్చా,

రేడియో వాళ్లు వచ్చారు. వాళ్లు పెట్టెలు దింపుతుంటే గొర్రెలకంటే నేనే ఎక్కువ బెదిరాను.

పిల్ల ఒకతి, తలకి రుమాలు కట్టుకుంది, పేరు సాయ్‌రా. యంత్రం చూసుకునే ఆయన ఒకడు, బట్టతల, చెవులకి పెద్ద చిప్పలు. ఇనపకడ్డీ లాంటిది నా మూతి దగ్గర పెట్టి "పాడండి అక్కా" అన్నారు. అత్తమ్మ ఎదురుగా కూర్చుని ఉంది. పెద్దవాళ్ల ముందు కోడలు గొంతెత్తడం ఏనాడైనా చూశావా? నోరు తెరిస్తే గాలి వచ్చింది. మంచినీళ్లు తాగాను. మళ్లీ గాలే. మీ అన్న కొట్టం మూల నుంచి, "నన్ను తిట్టేటప్పుడు వస్తుందండీ గొంతు, నన్ను తిట్టమనండి" అన్నాడు. ఆయన్ని చూసి పళ్లు నూరాను. గొంతు మాత్రం రాలేదు.

"వట్టి గాలికి ఎలా పాడతానండీ, ఇది గొర్రెకి పాడేది" అన్నాను. నిజంగానే ఆ పొద్దున ఒక గొర్రెకి చచ్చిన పిల్ల పుట్టింది. ఇంకో తల్లి చనిపోయి దాని పిల్ల మిగిలింది. రెంటినీ ఒకచోట కట్టాం. గొర్రె కాళ్లతో నేల తన్నుతోంది, పిల్ల దగ్గరికి వస్తే కుమ్ముతోంది. చూసి అత్తమ్మ లేచింది. కర్ర పట్టుకుని, "నేను బయట కూర్చుంటాను. గోడ అడ్డం ఉంటే నీకు అలవాటే కదా" అని వెళ్లిపోయింది.

గొర్రె వీపు మీద చెయ్యి వేశాను. పాట దానంతట అదే వచ్చింది.

ఎంతసేపు పాడానో తెలియదు. గొర్రె చెవి ఇటు తిప్పింది. కాలు దించింది. తర్వాత దాని కళ్లలోంచి నీళ్లు కారాయి బురుల్చా, నువ్వు నమ్మినా నమ్మకపోయినా. నేను వందసార్లు చూసినదే, అయినా ప్రతిసారీ కొత్తే. మాట రాని జీవం, పరాయి బిడ్డని చూసి ఒక పాట విని మనసు మార్చుకుంటుంది. ఎవరు నేర్పారు దానికి? మాకెవరు నేర్పారు? అది వంగి పిల్ల తోక దగ్గర వాసన చూసింది. పిల్ల వెళ్లి పొదుగు పట్టుకుంది. తోక ఆడిస్తోంది. గొర్రె పాలు చేపింది.

సాయ్‌రా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆ బట్టతల ఆయన మోకాళ్ల మీద కూలబడి యంత్రం ఆపడం మరిచిపోయాడు. అప్పుడే గోడ బయట నుంచి అత్తమ్మ, "తీసుకుందా?" అని అరిచింది. "తీసుకుంది అత్తమ్మా" అన్నాను. అది కూడా యంత్రంలో పడిపోయిందట. ఆయన సిగ్గుపడుతూ, తర్వాత కత్తిరిస్తాంలెండి అన్నాడు.

వాళ్లకి మాంసం ఉడకబెట్టి పెట్టాను. వెళ్లేటప్పుడు ఆయన గొర్రె దగ్గరికి వెళ్లి టోపీ తీశాడు.

మీ వదిన


ఫ్రూంజె,
మే 5

వదినా,

నిన్న స్టూడియోలో విన్నాను.

నన్నొక గదిలో కూర్చోబెట్టి చిప్పలు చెవులకి పెట్టారు. గదంతా మెత్తటి గోడలు, చప్పుడు లేదు. పాట మొదలైంది. నా చెయ్యి నాకు తెలియకుండానే ఎడమ పక్కకి వెళ్లింది వదినా. గోడని తడిమింది. గోడకి ఉన్నికంబళి లాంటిదేదో అంటించి ఉంది, శబ్దం బయటికి పోకుండా. దాని మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాను. నాకు గుర్తున్న ప్రతి మలుపూ ఉంది. ఆగిపోయేది ఎందుకో కూడా తెలిసింది. గొర్రె తల వంచిందో లేదో చూడటానికి ఆగుతావు నువ్వు. పుట్టిన ఏడాది విన్నది నా ఒంట్లో ఎక్కడ దాక్కుందో, ఎవరు దాచారో! భయం వేసింది, పెద్ద గుడిలో ఒక్కదాన్నే ఉన్నట్టు.

నా వంతు వచ్చి కవిత చదివాను. "ఒక్క పసితనాన్ని నేను" అన్న చోట నీ పాట పైకి వెళ్లి ఆగింది. మేమెవరం అలా అనుకుని చేయలేదు. వేరా పావ్లొవ్నా గాజు అవతల నుంచి నా వైపే చూస్తూ ఉంది.

చివర్లో అమ్మ గొంతు. "తీసుకుందా?" ఆ బట్టతల ఆయన, కత్తిరించాలి అన్నాడు. నేను లేచి తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. "ఆ మాట లేకపోతే నా కవిత వెనక్కి ఇచ్చేయండి" అన్నాను. ఆయన నవ్వి, "నేనూ అదే అనుకున్నాను, ఎవరైనా అడ్డుపడితే బాగుండునని" అన్నాడు.

ప్రకటించే ఆయన కాగితం ముందు పెట్టి, పాడినావిడ పేరేమిటి, మీకు ఏమవుతారు అని అడిగాడు. చెప్పాను. ఏం చెప్పానో 19వ తేదీ ఆదివారం రేడియోలో వింటావు. అమ్మకి కష్టం కలిగితే నన్ను తిట్టు, పడతాను. నీకు కష్టం కలిగినా తిట్టు.

బురుల్చా


కొండ మేత, పై గుడారం,
మే 21

బురుల్చాకి,

విన్నాం. పక్క గుడారాల వాళ్లంతా వచ్చి కూర్చున్నారు. మీ అన్న రేడియోని ఒళ్లో పెట్టుకుని చంటిపిల్లలా పట్టుకున్నాడు. నేను పొయ్యి దగ్గర, గుమ్మం పక్కన, ఎప్పుడూ ఉండే చోటే ఉన్నాను.

ఆయనెవరో గంభీరంగా, "కవిత రాసి చదివినవారు శర్షెన్ కుమార్తె బురుల్చా. పాట పాడినవారు ఆమె తల్లి అనీపా" అన్నాడు.

పిల్లా, భూమి చీలితే బాగుండుననిపించింది. ఆ మాట ఈ గుడారంలో ఎవ్వరూ, ఎప్పుడూ అనలేదు. అత్తమ్మ వైపు చూడలేకపోయాను.  ఇంతలో మీ అన్న, "శర్షెన్ కూతురు, అనీపా బిడ్డ. మరి నేనెవర్ని? దేశం మొత్తానికి మా ఆవిణ్ణి మా నాన్నకిచ్చి చేశారే!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. అత్తమ్మ నవ్వి నవ్వి దగ్గు పట్టుకుంది. "ఊరుకోరా, వినబడటం లేదు" అని ఆయన వీపున ఒకటి వేసింది.

కవిత వచ్చింది. పాట వచ్చింది. మామయ్య పేరు నీ గొంతులో రెండుసార్లు పలికింది. అత్తమ్మ రెండుసార్లూ "ఊఁ" అంది, ఆయన పిలిచినట్టు. ఆ మీదట "తీసుకుందా?" అని తన గొంతే వినబడేసరికి ఉలిక్కిపడి, చుట్టూ చూసి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

అందరూ వెళ్లాక ఆవిడ గుమ్మానికి ఎదురుగా, పెద్దవాళ్లు కూర్చునే చోటు నుంచి లేచింది. అక్కడి పరుపు సవరించి, "ఇటు రా" అంది. ఏదైనా అందించాలేమోనని వెళ్లాను. "కూర్చో" అంది. కోడలు ఆ చోట కూర్చోదు బురుల్చా, నేను ఈ గుడారానికి వచ్చాక ఒక్కసారీ కూర్చోలేదు. నిలబడే ఉన్నాను. భుజం పట్టి కూర్చోబెట్టింది. తను వెళ్లి పొయ్యి దగ్గర నా చోట కూర్చుంది. గిన్నెలో టీ పోసింది, కొంచెమే పోసింది, గౌరవించాల్సిన వాళ్లకి పోసినట్టు. రెండు చేతుల్తో అందించింది.

"దాన్ని నువ్వు కన్నావు, నేను పెంచాను. అది మనిద్దర్నీ తల్లుల్ని చేసుకుంది, మంచిపని చేసింది. తాగు, చల్లారిపోతుంది" అంది.

తాగలేకపోయాను. తాగకపోతే తిడుతుంది. ఏడుస్తూ తాగాను. ఆవిడ చూడనట్టు పొయ్యి ఎగదోస్తూ కూర్చుంది.

ఈ ఉత్తరానికి ఏమని సంతకం పెట్టాలో తెలియక ఆవిణ్ణే అడిగాను. "ఎప్పుడూ పెట్టేదే పెట్టు. ఆ రెండో పిలుపు, అది వచ్చినప్పుడు దాని నోట విందాం. నేను బయటికేం వెళ్లను, ఇక్కడే కూర్చుని వింటాను" అంది.

అందుకని,

మీ వదిన,
అనీపా